ఇంగ్లీషు పలుకుబడులు: తెలియుట, తెల్లవాఱుట

గడచిన మాసమున ఇంగ్లీషువారు ఉత్తరములకు ముందు వెనుకల వ్రాసెడి మర్యాదావాక్యములను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున అంతకంటె లోతైన విషయమునకు దిగెదము. ఒక సంగతి మనకు తెలియకుండెను, పిదప తెలిసినది. ఈ ‘తెలియుట’ను ఇంగ్లీషువారు ఎన్ని విధముల చెప్పుదురు?

మన సోదరీమణులలో ఇంగ్లీషు కొంచెమైనను నేర్చినవారందఱికిని ‘అండర్‌స్టాండ్’ అను మాట వచ్చును. ఆ యొక్క మాటతోనే సంసారము గడుపుకొనవచ్చునని పలువురి తలంపు. వ్రాతలో కొంతవఱకు గడచును. మాటాడు ఇంగ్లీషులో గడవదు. అమెరికానుండి మనుమరాలు ఫోనులో మాటాడునపుడు ఆ మాట అరుదుగా వినవచ్చును. ‘గాట్ ఇట్’ అనును, ‘ఫిగర్డ్ ఇట్ ఔట్’ అనును, ‘ఇట్ డాన్డ్ ఆన్ మీ’ అనును. వినెడి అమ్మమ్మకు మాటలన్నియు విడివిడిగా తెలిసినవే. కలిసి వచ్చినపుడు మాత్రము తెలియవు. ఫిగర్ అనగా ఆకారము, ఔట్ అనగా వెలుపల. ఆకారము వెలుపలికి పోవుట యేమి? నిఘంటువు తీసినకొలదిని చిక్కు పెరుగును.

ఈ చిక్కు మన కొక్కరికే కాదు. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినపుడు, క్రియ చివర చిన్నమాట యొకటి తగిలించి అర్థమును మార్చివేయు ఈ పద్ధతి పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని పీఠికలోనే చెప్పియుండెను. వీనికి ‘ఫ్రేజల్ వెర్బ్’ అను పేరును 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన గ్రంథమున వాడెను. ఆ పేరును ఆయనకు సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకులలో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ. మనము వీనిని జంటక్రియలని పిలుచుకొందము.

తెలుగు ఇల్లాలికి ఇది క్రొత్త విద్య కాదు. ‘పట్టు’ అను క్రియను తీసికొనుడు. పట్టుకొనుట వేఱు, పట్టుబడుట వేఱు, పట్టించుకొనుట వేఱు, అంతుపట్టుట వేఱు, ఒంటబట్టుట వేఱు. దొంగయు పట్టుబడును, వీణయు పట్టుబడును. మొదటిదానిలో సంకెళ్లు, రెండవదానిలో సంగీతము. ఈ భేదములను మనకు నిఘంటువు చెప్పలేదు. తగిన చోట తగిన మాటను చిన్ననాటనుండి వినుటచేత అవి మనకు అబ్బినవి. ఇంగ్లీషు పిల్లలకును అట్లే అబ్బును.

పెద్దవయస్సున నేర్చెడివారికి మాకు తోచిన త్రోవ యొకటి కలదు. జంటక్రియ ఎదురైనపుడు రెండు మాటల అర్థములను కూడ వలదు. కదలిక ఎవరిదని అడుగుడు. మనసు లేచి సంగతిని పట్టుకొనబోయినదా? లేక సంగతియే మనసు వద్దకు నడచి వచ్చినదా? తెలుగున ఈ భేదము ప్రత్యయములోనే యున్నది. ‘నేను గ్రహించితిని’ అన్నపుడు పని నాది. ‘నాకు తెలిసినది’ అన్నపుడు పని సంగతిది. నేను దాని రాకకు ఎదురుగా నిలిచినదానను మాత్రమే. ఇంగ్లీషువారు ‘ఐ’ అను మాటను వాక్యమునకు ముందు నిలుపుట కలవాటుపడినవారు. అట్టివారును కొన్ని పలుకుబడులలో దానిని వెనుకకు జరిపి, సంగతికే పీఠము వేయుదురు. ఆ చోట్లు తెలిసినచో సగము పని తీఱినది.

మొదట చేతిపనిని చూతము. ‘గ్రాస్ప్’ అనగా పిడికిట బిగించి పట్టుట. మనము ‘గ్రహించు’ అన్నపుడు చెప్పునదియు అదియే. సంస్కృతమున గ్రహ్ ధాతువునకు పట్టుకొనుట యర్థము. పాణిగ్రహణములోను సూర్యగ్రహణములోను ఉన్నది ఆ ధాతువే. ‘కాంప్రిహెండ్’ అను పెద్దమాటలో దాగియున్న లాటిను ధాతువును పట్టుకొనుటనే చెప్పును. ఒకరినొకరు సంప్రదించుకొనకయే ఈ దేశపు పెద్దలును ఆ దేశపు పెద్దలును తెలివిని చేతిలో పెట్టిరి. మనవారు మఱియొక అడుగు వేసి, అరచేతిలో ఉసిరికాయను కూడ పెట్టి, కరతలామలకము అనిరి.

‘గెట్’ అనునది ఈ వరుసలో మిక్కిలి తేలికమాట. ‘ఐ గెట్ ఇట్’ అనగా నాకు అందినది. ‘కాచ్ ఆన్’ అన్నచో మొదట అందక, పిమ్మట అందుకొన్నట్లు. ‘గెట్ ది హాంగ్ ఆఫ్ ఇట్’ అనునది చేతితో చేయు పనులకు చెల్లును. క్రొత్త కుట్టుమిషను, సైకిలు, పెనముపై అట్టు తిరుగవేయుట, ఇవన్నియు పది పర్యాయములు చెడిన పిదప ఒకనాడు పట్టుబడును గదా, ఆ మెలకువకు ఈ పేరు. వార్తకును, దుఃఖమునకును ఈ మాట చెల్లదు.

‘ఫాథమ్’ అను మాట మాకు ప్రియమైనది. రెండు చేతులను బారచాచినపుడు ఈ వ్రేలికొననుండి ఆ వ్రేలికొనవఱకు గల కొలత. 6 అడుగులుగా స్థిరపడినది. ప్రాచీన ఇంగ్లీషున ఆ మాటకు కౌగిలి యను అర్థమును కలదు. ఇది మన ‘బార’యే. బావి లోతును మన ఊళ్లలో బారలతో చెప్పినట్లే, ఓడవాండ్రు సీసపుగుండు కట్టిన త్రాడును సముద్రమున విడిచి లోతును ఫాథములలో చెప్పిరి. ‘ఐ కాంట్ ఫాథమ్ ఇట్’ అనగా నా త్రాడు అడుగు తగులలేదని భావము. మనము అంతుపట్టలేదందుము. ఇంకొక విశేషము: నేడు ఫాథమ్ అను క్రియను తఱచుగా లేదనుటతోనే వాడుదురు. మన అంతుపట్టుటయు అంతే.

ఇక మెదడుతో చేయు శ్రమ. అమెరికావారు ‘ఫిగర్ ఔట్’ అందురు. ఇంగ్లండువారికి ‘వర్క్ ఔట్’ ఎక్కువ యిష్టము. ఫిగర్ అనగా ఇచట అంకె. కూడి, తీసివేసి, చిక్కులోనుండి ఫలితమును వెలికి తెచ్చుట యను భావము. మనము లెక్క తేల్చితిమనుట లేదా, అదియే ఇది. నెల చివర పాలలెక్కలో సొమ్ము ఎక్కువ పడినది. పాలు పోయించుకొనని దినములను క్యాలెండరుపై చూచుకొని, వ్రేళ్లు మడిచి, తప్పు ఎచట జరిగినదో తేల్చినచో మీరు ‘ఫిగర్ ఔట్’ చేసితిరి. అట్లుగాక పాలవానినే పిలిచి అడిగి తెలిసికొన్నచో అది ‘ఫైండ్ ఔట్’, మన కనుక్కొనుట. బాలికల వ్రాతలలో ఈ రెండును కలిసిపోవుట తఱచు. స్టేషనుకు ఫోనుచేసి బండి వేళను ‘ఫైండ్ ఔట్’ చేయవలెను. ఆ వేళను, నడుమ దిగి వేఱొక బండి నెక్కవలసిన తీరును, పెండ్లి ముహూర్తమును కలిపి చూచుకొని ఏ దినమున బయలుదేఱవలెనో ‘ఫిగర్ ఔట్’ చేయవలెను. ‘మేక్ ఔట్’ అనునది మసక వ్రాతను, దూరపు గొంతును పోల్చుకొనుట. వైద్యులు వ్రాసిన మందుచీటి చేత నున్నవారికి ఈ మాట వెంటనే పనికివచ్చును.

ఇంతవఱకు మనసు కదలినది. ఇపుడు సంగతి కదలును.

‘ఇట్ డాన్డ్ ఆన్ మీ’. డాన్ అనగా వేకువ. ఆ సంగతి నాపై తెల్లవాఱినది. తెలుగువారికి ఇంతకంటె సులువైన ఇంగ్లీషు పలుకుబడి వేఱొకటి లేదని మా యభిప్రాయము. ఏలయన, తెలుపు, తెల్లము, తేట, తెలివి, తెలియుట, తెల్లవాఱుట అన్నియు ఒక్క కుటుంబపు మాటలు. ఇంగ్లీషువారు దీనిని ఉపమానముగా చెప్పుచున్నారు. మనము దినమునకు నూఱుసారులు ‘తెలిసినది’ అనుచు, ఆ తెల్లదనమును మాటలోపలనే ఉంచుకొని మఱచితిమి.

వేకువ ఒక్క గడియలో రాదు. చీకటి పలుచబడును, చెట్టు చేమ లీలగా కనబడును, పిదప వెలుగు. కావున ఈ మాట మెల్లమెల్లగా తెలియుటకు చక్కగా తగును. అత్తగారి కాఠిన్యము వెనుక నున్నది కోపము కాదు, ఒంటరిదనపు భయమని పదియేండ్ల కాపురమున తెలిసికొన్న కోడలు ‘ఇట్ స్లోలీ డాన్డ్ ఆన్ మీ’ అనవచ్చును. తన్నుగూర్చి చెప్పుకొన్నపుడు ఇది వినయము. ‘హాజ్ ఇట్ ఫైనలీ డాన్డ్ ఆన్ యూ?’ అని ఎదుటివారి నడిగినచో ఎత్తిపొడుపు. మన ‘ఇప్పటికి జ్ఞానోదయమైనదా?’ అను దానికి సరిజోడు. అల్లునితో అనరాదు.

వేకువవలె గాక ఒక్క క్షణమున తట్టినదానికి ‘ది పెన్నీ డ్రాప్డ్’ అందురు, పెన్నీ పడినదని. 1880 దశకమున లండనులో పెన్నీ నాణెమును వేసినచో పోస్టుకార్డు నిచ్చు యంత్రములు వెలసెను. పిదప మిఠాయి మొదలగువాని నిచ్చునవియు వచ్చెను. నాణెము సందున ఇఱుకుకొని నిలిచిపోవును. టక్కున క్రిందపడిన క్షణమున యంత్రము పనిచేయును. పలుకుబడి అందుండి వచ్చినదని చెప్పుదురు. ఎవరో చెప్పిన పరిహాసమునకు అందఱును నవ్వి మానిన పిదప తానొక్కతెయే నవ్విన యామె విషయమున పెన్నీ ఆలస్యముగా పడినదన్నమాట. 240 పెన్నీలకు ఒక పౌను అను ఆ పాతలెక్కయు, ఆ పెద్ద కంచునాణెములును 1971లో పోయెను. మాట మాత్రము పోలేదు.

‘సింక్ ఇన్’ అను మాట యొద్ద కొంత నిలువవలసియున్నది. దానిని గూర్చి ఒక పాఠకురాలు మాకు వ్రాసిన యుత్తరమే ఈ మాసపు విషయమునకు కారణము. ఆమె భర్త ఇటీవల స్వర్గస్థులైరి. విదేశమున పుట్టి పెరిగిన మనుమడు రాజాలక, తెలుగు వ్రాయనేరక, ఇంగ్లీషున నాలుగు వాక్యములు పంపెను. అందులో నొకటి, ‘ఇట్ హాజంట్ సంక్ ఇన్ యెట్’. ఆమె నిఘంటువు చూచిరి. సింక్ అనగా మునుగుట, ఇన్ అనగా లోపల. తాతగారి మరణము తన లోపలికి పోలేదని, అనగా తన మనసును తాకలేదని, పిల్లవాడు నిర్మొగమాటముగా చెప్పినట్లు ఆమెకు తోచినది. వారముదినములు బదులు వ్రాయలేదట. ఆ వాక్యమునకు తాము చెప్పుకొన్న అర్థము సరియేనా యని మమ్ము అడిగిరి.

అమ్మా, అర్థము అది కాదు. ఇచట సింక్ అనగా మునుగుట గాక ఇంకుట. వేసవిలో బీటలువాఱిన గట్టినేలపై తొలకరివాన పడినపుడు నీరు మొదట పైపైననే పాఱిపోవును. నేల దానిని వెంటనే త్రాగలేదు. తడియే లేదని అర్థము కాదు గదా! తాతగారు లేరను మాట ఆ పిల్లవాని చెవిని పడినది, బుద్ధికి తెలిసినది, హృదయమున ఇంకలేదు. దెబ్బ పెద్దదైనపుడే ఇంగ్లీషువారు ఈ మాట వాడుదురు. చిన్న దుఃఖమునకు, పరాయి దుఃఖమునకు వాడరు. గొప్ప సంతోషమునకును వాడుదురు. పరీక్షలో ప్రథమశ్రేణి వచ్చిన పిల్లయు తనకింకను ‘సింక్ ఇన్’ కాలేదనును. ఆ పిల్లవాడు తనకు వచ్చిన భాషలో తన దుఃఖమును ఉన్నదున్నట్లు చెప్పినాడు. ఈ సంగతిని ఆమెకు ఆనాడే వ్రాసి పంపితిమి. ఇట్టి వాక్యము వచ్చిన మఱికొందఱు అమ్మమ్మలు, నాయనమ్మలు ఉందురేమో యని ఇచటను వ్రాయుచున్నాము. బదులుగా ‘ఇట్ విల్ టేక్ టైమ్, ఫర్ మీ టూ’ అన్నచో చాలును. సమయము పట్టును నాయనా, నాకును అంతే, అని.

తెలియుటలోని మెట్లన్నియు ఒక్కచోట చూడగోరువారు హెలెన్ కెల్లర్ కథను చదువవలెను. ఆమె 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున టస్కంబియా అను ఊర పుట్టెను. పందొమ్మిది నెలల ప్రాయమున జబ్బుచేసి చూపును వినికిడిని కోల్పోయెను. 1887 మార్చి 3వ తేదీన ఆన్ సలివాన్ అను ఉపాధ్యాయిని ఆ యింటికి వచ్చి, పిల్ల చేతికి బొమ్మ నిచ్చి, బొమ్మ యను మాటలోని అక్షరముల గుర్తులను అరచేతిలో తన వ్రేళ్లతో కట్టి చూపెను. పిల్ల ఆ గుర్తులను త్వరలోనే ‘పిక్ అప్’ చేసెను, అనగా ఏరుకొని నేర్చెను. కాని వస్తువు లన్నిటికిని పేళ్లు కలవని ‘కాచ్ ఆన్’ చేయలేదు. లోటాను, లోటాలోని నీటిని ఒకటిగానే తలచుచుండెను. ఏప్రిల్ 5వ తేదీన సలివాన్ ఆమెను చేతిపంపు వద్దకు తీసికొనిపోయి, ఒక చేతిపై నీరు పాఱుచుండగా రెండవ చేతిలో నీటి పేరును మరల మరల కట్టి చూపెను. ఆ క్షణమున తెల్లవాఱినది. చేతిలోని గుర్తులు ఆ చల్లనిదాని పేరని పిల్లకు తెలిసినది. ఇంటికి మరలుచు త్రోవలో తాకిన ప్రతిదాని పేరును అడిగెను.

ఆనాటి ఇంకొక సంగతిని హెలెనే తన యాత్మకథలో 1903లో చెప్పెను. పంపు వద్దకు పోకముందు ఆమె విసుగుచెంది బొమ్మను నేలకు కొట్టి పగులగొట్టినది; అపుడు చింత లేదు. తిరిగి వచ్చి, ముక్కలను తడవి ఏరి, అతికింపజూచి, చేతకాక ఏడ్చినది. చేసిన పని యేమో అపుడు ‘సింక్ ఇన్’ అయినది. మాట తెలియకముందు ఆ బిడ్డకు పశ్చాత్తాపము తెలియదు. మొదటి తెలివియు, మొదటి విచారమును ఒక్క పూటలో వచ్చెను. మేము ఈ ఘట్టమును చదివినపుడెల్ల పుస్తకమును మూసి కొంతసేపు ఊరకుందుము.

‘టేక్ ఇన్’ అను జంటకు మూడు కాపురములు. ‘షీ టుక్ ఇట్ ఇన్’ అన్నచో విన్నదానిని లోనికి గ్రహించినది. ‘షీ వాజ్ టేకెన్ ఇన్’ అన్నచో మోసపోయినది. దర్జీవాని యొద్ద ‘టేక్ ఇన్ ది బ్లౌజ్’ అన్నచో రవికెను కుట్లువేసి బిగుతు చేయుమని. మొదటి రెంటికిని మధ్య నున్నది ‘వాజ్’ అను చిన్నమాటయే. ఆమె తీసికొన్నదా, ఆమెనే ఎవరో తీసికొనిరా యను కదలికను చూచినచో తికమక లేదు.

పిల్లలనోట ‘గ్రాక్’ అను వింతమాట వినబడినచో భయపడవలదు. 1961లో రాబర్ట్ హైన్‌లైన్ అను అమెరికను రచయిత తన నవలలో అంగారకగ్రహవాసుల మాటగా దానిని కల్పించెను. దాని మొదటి యర్థము త్రాగుట, దానిమీదుగా సంపూర్ణముగా తెలిసికొనుట. అంగారకునివఱకు పోనక్కఱలేదు. సముద్రమును ఆపోశనము పట్టిన అగస్త్యుని కథ చిన్ననాడు విన్న మనము, శాస్త్రములను ఔపోసన పట్టినవాడు అనుచునే యున్నాము.

తెలియనపుడు పలుకవలసిన మాటలు మిగిలినవి. ‘ఐ కాంట్ మేక్ హెడ్ ఆర్ టెయిల్ ఆఫ్ ఇట్’ అనునది మన తలాతోకా లేని మాటయే. ‘గాట్ ది రాంగ్ ఎండ్ ఆఫ్ ది స్టిక్’ అనగా కఱ్ఱను పట్టరాని కొనను పట్టుట. తెలిసినదనుకొని విపరీతముగా తెలిసికొన్నవారికి చెల్లును.

మన స్త్రీలలో ఒక యలవాటు కలదు. తెలియకపోయినను తల యూపి ‘యెస్, యెస్’ అందుము. దానిని మర్యాద యనుకొందుము. కుమార్తె పురిటికని విదేశమునకు పోయిన తల్లి ఆసుపత్రిలో ఈ మర్యాదను పాటించినచో పసిబిడ్డ మందు వేళలు తప్పును. వైద్యుడో, నర్సో చెప్పుచు చెప్పుచు నడుమ ఆగి ‘ఆర్ యూ విత్ మీ?’ అందురు. మీరు నా వెంట వత్తురా యని కాదు, మీరు నా పక్షమా యనియు కాదు. నా మాట మీకు అందుచున్నదా యని. ‘డూ యూ ఫాలో?’ అన్నను అదియే. అందుచున్నచో ‘యెస్, గో ఆన్’ అనుడు. మాట చెవిని పడనిచో ‘సారీ, ఐ డిడంట్ కాచ్ దట్’. చెవిని పడియు అర్థము కానిచో ‘ఐయామ్ అఫ్రెయిడ్ యూ హావ్ లాస్ట్ మీ’ అనుడు. ఇందులో అఫ్రెయిడ్ అనగా భయము కాదు, మన ‘ఏమనుకోకండి’ వంటిది. మీరు ముందుకు పోయితిరి, నేను వెనుక తప్పిపోయితిని అను ఈ మాటలో చెప్పెడివారికి గాని, వినెడివారికి గాని చిన్నతనము లేదు. ఎచట తప్పిపోయితిరో ఆ మాటను కూడ పలికి చూపుడు. వారు అచటనుండి మరల మొదలుపెట్టుదురు.